నీలం టాపు మీద పది కుట్లు

బావా,

నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్క ఆరోగ్యం ఫరవాలేదు. కొట్టు నడుస్తోంది...

నడుస్తోంది అని రాశానుగాని, నీకు అబద్ధం రాసి ఏం లాభం? వారానికి నాలుగైదు బండ్లు వచ్చే చోట ఇప్పుడు ఒకటి వస్తే వచ్చినట్టు. వచ్చినవాళ్లు గుమ్మంలోంచే లోపలికి తొంగి చూస్తారు. "ఉస్తాద్‌జీ కహా హై?" అని అడుగుతారు. చెప్తాం. కాసేపు నిలబడతారు. "అచ్ఛా... ఫిర్ ఆయేంగే" అంటారు. మళ్లీ వస్తామని వెళ్లినవాళ్లు ఇంతవరకు రాలేదు. వాళ్లదేం తప్పు? వాళ్లు ఇన్నేళ్లూ సీటు కవర్ల కొట్టుకు రాలేదు. నీ దగ్గరికి వచ్చారు.

ఈ ఉత్తరం రాయడానికి వేరే కారణం ఉంది. పోయిన వారం నేనొక తప్పు చేశాను. నీకు తప్ప ఎవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది.

మాధవి గారు గుర్తున్నారా? నోయిడాలో సాఫ్టువేరు కంపెనీలో పెద్ద ఉద్యోగం. తెనాలి వైపు మనిషి. మన కొట్టు ముందు నిలబడి ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే నువ్వు కుట్టు మిషను ఆపి, "ఏ ఊరమ్మా మనది?" అని అరిచావు. ఆవిడ ఉలిక్కిపడి ఫోను జారవిడిచారు. ఫోను అద్దం పగిలింది. అయినా తన మొదటి కారుకు సీటు కవర్లు నీ దగ్గరే కుట్టించుకున్నారు. "ఫోను పగలగొట్టినా కుట్టు బాగా వేశారు" అని తర్వాత ఎంతమందినో పంపించారు.

ఆవిడ ఫోను చేశారు. గురుగ్రామ్‌లో ఒక పాత బండి చూశారట. టాపు తెరుచుకునే బండి. మీట నొక్కితే పైకప్పు గుడ్డ దానంతట అది మడతపడి వెనక్కి వెళ్లి కూర్చుంటుంది, అట్లాంటిది. "కొనేముందు మీరొకసారి వచ్చి టాపు చూడాలి నాగరాజు గారూ" అన్నారు.

ఢిల్లీలో టాపు తీసి తిరిగే రోజులు ఎన్ని? ఎండాకాలం మాడిపోతాం. తర్వాత వానలు. దీపావళి నుంచి పొగ, పొగ తగ్గేసరికి చలి. ఆ మాటే అన్నాను. "ఉన్నన్ని రోజులే తిరుగుతాను లెండి" అన్నారు. అసలు ఎందుకు కొంటున్నారో నేను అడగలేదు. నువ్వయితే అడిగేవాడివి. ఆవిడా చెప్పేవారు. నాకు ఆ అడగడం ఎప్పుడూ చేతకాలేదు.

ఆ ఫోను వచ్చాక నాకు ఆశ పుట్టిన మాట నిజం. నీ అసలు విద్య టాపులే కదా... నరసరావుపేటలో జీపు టాపులు కుట్టిన చెయ్యి అది. ఇక్కడ పొట్ట కోసం సీటు కవర్లు కుట్టావుగాని, ఏడాదికి ఒకసారో రెండుసార్లో పాత జీపు వస్తే ఆ రోజు నీ నడకే వేరుగా ఉండేది. టీ కూడా చల్లారిపోయేది. ఆ పని నాకు నేర్పావు. నువ్వు పోయాక ఒక్క టాపూ రాలేదు. ఇలాంటి బండ్లవాళ్లకు ఒకళ్లతో ఒకళ్లకు పరిచయాలుంటాయి. ఈ ఒక్కటి మన కొట్టుకొస్తే ఇంకొకటి వస్తుంది. కొట్టు నిలబడుతుంది. నా లెక్క అది.

అక్క నీ పనిముట్ల సంచి దింపి చేతికిచ్చింది.

గురుగ్రామ్‌లో ఆ పాత కార్ల యార్డు పెద్దది. బండి తెల్లది, టాపు ముదురు నీలం. మాధవి గారు అప్పటికే వచ్చి ఉన్నారు. బండి అమ్మే మనిషి చలువ కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని, మీట నొక్కి టాపు తెరిచి మూసి, తెరిచి మూసి, అదేదో గారడీ అయినట్టు మా మొహాలు చూస్తున్నాడు.

నేను గుడ్డ వైపు చూడలేదు. డిక్కీ తెరిచి అడుగున పరిచిన చాప ఎత్తాను. ఆ మనిషి మొహంలో గారడీ పోయింది.

"గుడ్డ ఏడికి పోద్దిరా? తర్వాత చూడొచ్చు. నీళ్లు ఎటు పోతన్నయ్యో ముందు చూడు" అనేవాడివి కదా. చూశాను. టాపు మీద పడిన వాన అంచుల్లోని కాలవల్లోంచి కిందకు పోవాలి. ఎడమ వైపు కాలవ వేపాకులతో పూడిపోయి ఉంది. అటు పోవలసిన నీళ్లు డిక్కీ మూలలోకి దిగాయి. ఆ మూలలోనే టాపును లేపే పంపు ఉంది. చాప కింద చెయ్యి పెడితే తేమ తగిలింది. పంపు ఇప్పటికి పనిచేస్తోంది, కానీ మూసేటప్పుడు చివర్లో ఒక మూలుగు వినపడింది. మూడుసార్లు నొక్కించాను. మూడుసార్లూ వినపడింది.

నీళ్లు పోసి చూద్దామంటే యార్డువాళ్లు ఒప్పుకోలేదు. నాకు నువ్వు గుర్తొచ్చావు. టాపు కుట్టడం అయిపోగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని బండిలో కూర్చునేవాడివి. నన్ను పైనుంచి బిందెలతో నీళ్లు పొయ్యమనేవాడివి. "కారితే ముందు నా మీద కారాలి" అనేవాడివి. అది చూడ్డానికి పక్క కొట్లవాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఒకసారి ఒక్క చుక్క పడింది, నీ భుజం మీద. బండి యజమాని, ఆ పంజాబీ ఆయన, "కోయీ బాత్ నహీ" అంటున్నాడు. ఒక్క చుక్కే కదా అని నేనూ అన్నాను. నువ్వు దిగి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, రెండు రోజుల పని మొత్తం విప్పేశావు. ఆ రోజు నిన్ను తిట్టుకున్నాను బావా. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాత గుడ్డ చూశాను. మంచి గుడ్డ. వెనక అద్దం పక్కన, ఎడమ మూల మాత్రం వేలెడు మేర కుట్టు విడిపోయి ఉంది.

అక్కడే తప్పు జరిగింది.

నేను ఆలోచించలేదు. చెయ్యి సంచిలోకి పోయింది. వంకర సూది, మైనం పట్టించిన దారం తీశాను. టాపు సగం లేపించి లోపలికి వంగాను. పాత రంధ్రాలు సాగిపోయి ఉన్నాయి. "అలిసిపోయిన చోట మళ్లీ పొడవబాకురా, పక్కన దించు" అనేవాడివి. పక్కన దించాను. పది కుట్లు. పదోది ముడి వేసి దారం తెంపేసరికి యార్డులో పనివాళ్లు నలుగురైదుగురు చుట్టూ చేరారు. "వాహ్ ఉస్తాద్!" అన్నాడు ఆ అమ్మే మనిషి. నన్ను ఉస్తాద్ అనడం అదే మొదటిసారి.

గర్వపడ్డాను. దాచను. మాధవి గారు కూడా వేలితో తడిమి చూసి, "అచ్చం మీ బావగారి కుట్టు" అన్నారు.

మన బండి కాని బండి మీద, ఎవరూ అడక్కుండా, బేరం కూడా కాకుండా సూది దించానే... విడిపోయిన కుట్టు కనపడితే కుట్టెయ్యడం తప్ప మనకింకేం తెలుసు?

తర్వాత ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ సంగతి ఎత్తారు. బండికి కంపెనీ ఇచ్చిన వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు విడిగా డబ్బు కడితే ఇంకో రెండేళ్లు ఇంజను, గేరుబాక్సు, టాపు పంపు, మోటారు, ఏది పాడైనా వాళ్లే బాగుచేయిస్తారట. "మేడమ్, టెన్షన్ ఫ్రీ! టాపు పోతే తెలుసా ఎంతవుద్దో? సోచ్ లీజియే" అని అమ్మే మనిషి భయపెట్టాడు. మర్నాడు పొద్దున వారంటీ కంపెనీ తనిఖీ మనిషి వస్తాడు, ఫొటోలు తీసుకుంటాడు, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

మాధవి గారు నా వైపు తిరిగారు. "నాకు బండ్ల గురించి తెలీదు. మీరు తీసుకోమంటే తీసుకుంటాను. వద్దంటే మానేస్తాను. మీ బావగారు ఉంటే ఆయన్నే అడిగేదాన్ని" అన్నారు.

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. ఆవిడ వారంటీ తీసుకుంటే రెండేళ్లపాటు ఆ టాపు మీద వాళ్ల మనుషులు తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తీసుకోకపోతే ఆ టాపు మన కొట్టుకే వస్తుంది. నేను ఒక్క మాట అంటే చాలు. వద్దు మేడమ్, దండగ. మూడు మాటలు. ఆవిడ నమ్మేస్తారు. నన్ను కాదు, నిన్ను నమ్ముతారు.

"కాగితాలు ఇవ్వండి, ఇంటికెళ్లి చదివి పొద్దున చెప్తా" అన్నాను.

మెట్రోలో వస్తూ నీ ఎయిర్‌బ్యాగు గొడవ తలుచుకున్నాను. ఆ కొత్త కారు ఆయన మంచి రెక్సిన్ ఏరుకుని, అడ్వాన్సు బల్లమీద పెట్టాక, సీటు పక్కన చిన్న చీటీ చూశావు నువ్వు. లోపల ఎయిర్‌బ్యాగు ఉంది, దానిమీద కవరు బిగిస్తే గుద్దుకున్నప్పుడు అది విచ్చుకోదు. డబ్బు వెనక్కి జరిపావు. ఆయన వినలేదు, అందరూ కుడుతున్నారుగా అన్నాడు. నువ్వు నీకొచ్చిన హిందీలో ఏదో చెప్పబోయి, రాక, తెలుగులోకి దిగిపోయావు. "అందరూ కుట్టనీయ్ సార్. నీ ప్రాణం మీద నేను కుట్టను." ఆయనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నీ మొహం అర్థమైంది. వెళ్లిపోయాడు. ఆ నెల అద్దెకు అక్క చెవి కమ్మలు బ్యాంకులో పెట్టింది. నిన్ను పల్లెత్తు మాట అనలేదు. నాతో మాత్రం, "మీ బావకి బుద్ధి ఎక్కువ, తెలివి తక్కువ" అంది. అనేటప్పుడు మాత్రం నవ్వుతోంది.

సాయంత్రం కొట్లో కూర్చుని అక్కకు సంగతంతా చెప్పాను. అక్క ఏమందో తెలుసా?

"వద్దని చెప్పు. టాపు మన దగ్గరికొస్తది."

"అక్కా..."

"ఏందిరా అక్క? మనమేం మోసం చేత్తన్నామా? బాగా కుట్టమా? వాళ్లకన్నా బాగా కుడతాం."

అదీ నిజమే. బాగానే కుడతాం. కానీ పంపు? ఆ మూలిగే పంపు గురించి మనకేం తెలుసు?

కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నా పదో తరగతి ఇంగ్లీషు రెండో లైనుకే ఆగిపోయింది. ఇప్పుడు ఫోను కెమెరా కాగితం మీద పెడితే తెలుగులో చూపిస్తుంది. ఆ తెలుగు చూస్తే నువ్వు పొట్ట పట్టుకునేవాడివి. "పైకప్పు తన సహజ వృద్ధాప్యంలో మరణించిన ఎడల" అని వచ్చింది. అక్క, "ఎవరు మరణించారు?" అంది కంగారుగా.

నీ పద్ధతిలో చివరి పేజీ నుంచి చదివాను. ఇచ్చేవన్నీ ముందు పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఇవ్వనివి చూడాలంటే వెనక నుంచి రావాలని నువ్వు అద్దె కాగితం దగ్గర నేర్పావు. వెనక నుంచి వచ్చాను. గుడ్డ ఇవ్వరు. రబ్బరు ఇవ్వరు. అద్దం ఇవ్వరు. పంపు, మోటారు, వాటి గొట్టాలు ఇస్తారు. బాగానే ఉంది. ఆ కింద ఇంకో లైను.

పైకప్పు మీద బయటి వ్యక్తి ఎవరైనా మరమ్మతు చేసి ఉంటే, పైకప్పుకు సంబంధించిన ఏ భాగానికీ వారంటీ వర్తించదు.

ఫోను తిప్పి తిప్పి పెట్టి చూశాను. ప్రతిసారీ తెలుగు కొంచెం మారింది. విషయం మారలేదు.

అక్క నా మొహం చూసింది. "ఏమైంది?" అంది.

"బయటి వ్యక్తిని నేనేనక్కా" అన్నాను.

చూశావా బావా? ఆ బండిలో పోబోయేది పంపు. వారంటీ వల్ల మాధవి గారికి పనికొచ్చేది అదొక్కటే. నేను వేసిన పది కుట్లతో ఆ వారంటీ పోయింది. వారంటీ వద్దని నేను నోటితో చెప్పనే అక్కర్లేకపోయింది. చేత్తో చెప్పేశాను.

పొద్దున్నే యార్డుకు వెళ్లాను. తనిఖీ మనిషి ఇంకా రాలేదు. అమ్మే మనిషికి చెప్పాను. అతను నవ్వాడు. "అరే ఉస్తాద్, ఇదొక ప్రాబ్లమా? కుట్టు విప్పెయ్. నిన్న ఎలా ఉందో అలా పెట్టు. ఫొటోలో పాత చిరుగు వస్తుంది. బస్! కిస్కో పతా? ఎవరికి తెలుస్తుంది?" అని, వాళ్ల డ్రాయరులోంచి కత్తెర తీసి బండి మీద పెట్టి వెళ్లాడు.

బండి దగ్గర నిలబడ్డాను. కత్తెర తీసుకున్నాను కూడా. విప్పితే మాధవి గారికి పంపు మీద వారంటీ వస్తుంది. ఆవిడకు మేలే కదా? పది కుట్లు విప్పడం ఎంతసేపు?

విప్పలేదు. మంచితనం అనుకోకు. ఒక కుట్టు కొంచెం ఎత్తి చూశాను. దిట్టమైన ఆ గుడ్డలో సూది దిగిన చోటు మూసుకోదు, నీకు తెలుసు. కుట్టు పోయినా పది రంధ్రాలు ఉంటాయి. రేపు పంపు పోయాక వారంటీవాళ్ల మనిషి ఎవడో ఒకడు దీపం వేసి చూస్తాడు. అప్పుడు ఆవిడ చేతిలో వారంటీ కాగితం ఉంటుంది, పంపు ఉండదు. కాగితం కొన్నది నా మాట మీద.

కత్తెర మళ్లీ బండి మీద పెట్టేసి మాధవి గారికి ఫోను చేశాను.

చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "మేడమ్, నిన్న నేను కుట్టిన కుట్టు వల్ల టాపుకు వారంటీ రాదు. అది నా తప్పు. పంపు దగ్గర తేమ ఉంది, అది పోవచ్చు. ఇంజనుకు, గేరుబాక్సుకు తీసుకోవడం మంచిదనిపిస్తోంది. ఇంకో సంగతి. టాపుకు వారంటీ లేకపోతే ఆ పని మా కొట్టుకొస్తుంది. అందుకని నా సలహాను ఆ సంగతి మనసులో పెట్టుకునే వినండి."

అటువైపు ఆవిడ ఆఫీసులో ఎవరో ఇంగ్లీషులో నవ్వుతున్నారు, అది వినపడుతోంది.

"పంపు పోతే నేను పెట్టుకుంటాను మేడమ్" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆ పంపు ఖరీదు కూడా తెలియదు నాకు.

"మీరేం పెట్టుకోనక్కర్లేదు. తనిఖీ ఆయనకు ఉన్నది చెప్పండి. నేను వస్తున్నా" అని పెట్టేశారు.

తనిఖీకి వచ్చినాయన నడివయసు సర్దార్జీ. మెడలో చిన్న టార్చి వేలాడుతోంది. నేను చెప్పకముందే ఎడమ మూల దగ్గర ఆగాడు. గోరు పెట్టి కుట్టు వెంబడి నడిపాడు. "కిస్‌నే కియా?" నేనే అన్నాను. తల పైకెత్తి నన్ను చూశాడు. "సిలాయీ బఢియా హై. పర్ లిఖ్‌నా పడేగా" అన్నాడు. కుట్టు బాగుంది కానీ రాయక తప్పదట. రాశాడు. తన కాగితంలో టాపు మొత్తానికి అడ్డంగా గీత కొట్టాడు. డిక్కీ మూల తేమ కూడా రాశాడు.

మాధవి గారు వచ్చి ఆ కాగితం అడిగి తీసుకున్నారు. నిలబడే చదివారు. తర్వాత యార్డు యజమానిని పిలిపించారు. గొంతు పెంచలేదు. మీరు పిలిపించిన మనిషే తేమ అని రాశాడు, పంపు విప్పి బాగుచేయించి, కాలవలు శుభ్రం చేసి చూపిస్తే బండి తీసుకుంటాను, లేకపోతే ఇదే కాగితం పట్టుకుని వెళ్తాను అన్నారు. ఆయన చాలా చెప్పాడు. ఆవిడ వింటూ కూర్చున్నారు. నువ్వు బేరాల్లో ఏం వచ్చినా "అచ్ఛా" అనేవాడివి, కోపం వచ్చినా అచ్ఛా, కుదరకపోయినా అచ్ఛా. ఆవిడా అంతే. ప్రతిదానికీ అచ్ఛా. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. ఇంజను, గేరుబాక్సు మటుకు వారంటీ తీసుకున్నారు. టాపు లేదు.

నేను సంచి సర్దుకుంటున్నాను. నన్ను తిడితే బాగుండుననిపించింది.

"నాగరాజు గారూ, టాపు ఇక మీరే చూడాలిగా? మరి నాకు మీ వారంటీ రాసివ్వండి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మన కొట్లో కాగితం ఎప్పుడుంది? మాట మీదే కదా... అదే అన్నాను. అప్పుడు ఆవిడ అన్న మాట నీకు నచ్చదు. అయినా రాస్తాను.

"మీ బావగారిని గ్యారంటీ ఏంటని అడిగితే, నేనిక్కడే ఉంటాను కదమ్మా అనేవారు. మంచి మాట. నేనూ నమ్మాను. ఇప్పుడు ఆయన లేరు. నా సీటు కుట్టు ఊడితే ఎవరిని అడగాలో నాకు తెలీక ఆర్నెల్లుగా మీ కొట్టుకు రాలేదు. అడిగితే మిమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టుంటుందని."

ఆ మాటకు జవాబు నీ దగ్గర ఉందా?

నువ్వు పోయిన రెండో నెలలో ఒక ముసలాయన ఐదేళ్ల నాటి సీటు పట్టుకుని వచ్చాడు. నీ మాట ఉందన్నాడు. అక్క ఒక్క ప్రశ్న అడక్కుండా కుట్టించి పంపింది. ఒక్కడు వచ్చాడు. రానివాళ్లు ఎందరో... వాళ్లందరికీ నువ్విచ్చిన మాట వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మొహమాటంతో అడగలేదు. కొట్టుకు రాకపోవడానికి కారణం నా పని మీద అనుమానమని ఇన్నాళ్లూ అనుకున్నాను.

కాగితానికి గడువుంటుంది, మాటకు ఉండదు అనేవాడివి. మనిషికి ఉంటుందని మనం లెక్కలో వేసుకోలేదు.

నిన్ను తప్పుపట్టడం లేదు బావా. పాతికేళ్లు ఒక్క కాగితం లేకుండా, ఎవరితోనూ మాట పడకుండా వ్యాపారం చేసినవాడిని నేను నిన్ను తప్ప చూడలేదు. అది నీకే చెల్లింది. నాకు చెల్లదు. నాకు కాగితం కావాలి.

నిన్న కొట్లో కూర్చుని రాశాం. తెలుగులో రాసి, మాధవి గారికి పంపితే ఆవిడ హిందీలో, ఇంగ్లీషులో కూడా చేసి పంపించారు. రాయడం మొదలుపెట్టగానే అక్క అడ్డం పడింది.

"చేతగానిది ముందు రాయి."

"అది చివర్న రాస్తారక్కా అందరూ."

"అందరూ రాత్తే మనమూ రాయాలా? ముందు రాయి."

ముందు అదే రాశాను. పంపు, మోటారు, కరెంటు పని మాకు చేతకాదు. ఎయిర్‌బ్యాగు ఉన్న సీటుకు కవరు కుట్టం. ఆ తర్వాత, టాపు గుడ్డ, మేము వేసిన కుట్లు రెండేళ్లు మా పూచీ. వానలకు ముందు ఏడాదికోసారి నీళ్ల కాలవలు ఉచితంగా చూస్తాం. చివర నీ పేరుతో ఇంకొకటి రాశాను, అక్కను అడిగే రాశాను. కోటయ్య గారు తన చేత్తో కుట్టిన ఏ పనికైనా, ఏ ఏడాది కుట్టినదైనా, కాగితం లేకపోయినా మాదే బాధ్యత.

దానికి గడువు ఎంత పెట్టాలని అడిగాను. "గుడ్డ ఉన్నంత కాలం" అంది అక్క.

కింద నేను సంతకం చేశాను. పక్కన ఇంకో గీత గీసి, నేను లేకపోతే ఎవరు అని రాసి, కాగితం అక్క వైపు తిప్పాను.

నువ్వు పోయాక అక్క చాలా సంతకాలు చేసింది. బ్యాంకులో, గ్యాసు ఆఫీసులో, కరెంటు ఆఫీసులో, రేషను కార్డుకు. అన్నీ నీ పేరు కొట్టేయడానికి చేసినవే. ప్రతిచోటా త్వరగా గీకేసి లేచేది, చూసుకునేది కూడా కాదు. ఈ కాగితం మీద మాత్రం కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నీ పేరున్న ఆ లైను వేలితో వెతుక్కుంది. దాని కిందే, ఒత్తులు, దీర్ఘాలు పోకుండా, తన పూర్తి పేరు రాసింది.

కాగితం ఆరేదాకా దానిమీద చెయ్యి పెట్టనివ్వలేదు నన్ను.

ఆ కాగితం నకళ్లు తీయించాను. నీ ఫోనులో ఉన్న నంబర్లు ఒక్కొక్కటే చూసి, నీ దగ్గర పని చేయించుకున్న అందరికీ పంపిస్తాను. ఈ నెలాఖరులోగా అయిపోవాలి. ఇది నీకిస్తున్న మాట.

తొమ్మిదవుతోంది, షట్టరు ఎత్తాలి.

నీ బావమరిది,
నాగరాజు